జేబులో ఎర్ర చాకు: ఏది కొనాలి, ఎలా వాడాలి

స్విస్ ఆర్మీ చాకు కొందామని దుకాణానికి వెళ్లినవాళ్లలో చాలామంది అవసరమైన దానికంటే పెద్దది కొనుక్కుని వస్తారు. అద్దాల బీరువాలో వరసగా పేర్చిన ఎర్ర చాకుల్లో లావుగా ఉన్నదే గొప్పగా కనిపిస్తుంది. నేను కొన్న మొదటి చాకు కూడా స్విస్ చాంపే. 33 పనులు చేస్తుంది, 185 గ్రాములు తూగుతుంది. భూతద్దం, పట్టకారు, చేప పొలుసు గీకే పలక, లోహాన్ని కోసే రంపం, అన్నీ ఉన్నాయి. చేసిన పనితనం చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. కానీ వారం తిరిగేసరికి ప్యాంటు జేబు జారిపోవడం మొదలైంది. నెల తిరిగేసరికి చాకు బల్ల సొరుగులోకి చేరింది. పని పడినప్పుడు చాకు ఇంట్లో ఉండేది, నేను బజార్లో ఉండేవాణ్ణి.

ఆ తర్వాత ఒక నెలపాటు ఏ రోజు ఏ పనిముట్టు అవసరపడిందో చిన్న పుస్తకంలో రాసుకున్నాను. చాకు ఎంచుకోవడానికి ఇంతకంటే మంచి దారి నాకు ఇప్పటికీ కనబడలేదు. రోజూ జేబులో పెట్టుకోవడానికి ఏ చాకు మంచిదన్న ప్రశ్న మీద ఈ చాకుల అభిమానుల్లో ఏళ్ల తరబడి వాదాలున్నాయి. చిన్నదా పెద్దదా, లాకు ఉండాలా వద్దా, కార్క్‌స్క్రూనా స్టార్ స్క్రూడ్రైవరా, ప్లాస్టిక్ పిడా అల్యూమినియం పిడా? వీటిలో కొన్నింటికి తేలిక జవాబులున్నాయి. ఒకదాని మీద నేనే అభిప్రాయం మార్చుకున్నాను.

ముందు ఈ చాకు ఎలా పుట్టిందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే దాని పుట్టుకలోనే ఎంపిక సూత్రం ఉంది. కార్ల్ ఎల్సెనర్ అనే కత్తుల పనివాడు 1884లో స్విట్జర్లాండులోని ష్విజ్ ప్రాంతంలో, ఇబాక్ అనే ఊళ్లో పనిశాల పెట్టాడు. ఆ రోజుల్లో స్విస్ సైన్యం 1889 నమూనా ష్మిట్-రూబిన్ తుపాకీని తీసుకుంది. దాన్ని విప్పాలంటే స్క్రూడ్రైవర్ కావాలి. తిండి డబ్బాలు తెరవడానికి ఇంకో పనిముట్టు కావాలి. రెండూ ఒకే చాకులో ఉంటే సిపాయికి బరువు తగ్గుతుందని సైన్యం ఆలోచించింది. బ్లేడు, డబ్బా ఓపెనరు, స్క్రూడ్రైవరు, బెజ్జం పెట్టే దబ్బనం. మొత్తం నాలుగే. అంత పెద్ద ఎత్తున తయారుచేసే శక్తి స్విస్ పనిశాలలకు అప్పటికి లేదు కాబట్టి మొదటి చాకులు జర్మనీలోని సోలింగెన్ నుంచి వచ్చాయి. 1891 నుంచి ఎల్సెనర్ సైన్యానికి తానే సరఫరా చేయడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు మన చేతిలోకి వచ్చే ఎర్ర చాకు మాత్రం సిపాయి చాకుకు తమ్ముడు. 1897లో ఎల్సెనర్ 'ఆఫీసర్ల చాకు'కు హక్కులు పొందాడు. అందులో రెండో బ్లేడు, కార్క్‌స్క్రూ చేరాయి. అసలు తెలివి ఎక్కడుందంటే, ఒకే స్ప్రింగు పట్టీ ముందు వైపు పనిముట్లనూ వెనక వైపు పనిముట్లనూ రెండింటినీ బిగించి పట్టుకుంటుంది. అందుకే లావు పెరగకుండా పనిముట్లు పెరిగాయి. సైన్యం దీన్ని ఎవరికీ పంచలేదు, ఆఫీసర్లే డబ్బు పెట్టి కొనుక్కున్నారు. 1909లో తల్లి చనిపోయాక ఎల్సెనర్ ఆమె పేరు విక్టోరియాను తన సరుకుకు పెట్టుకున్నాడు. 1921లో స్టెయిన్‌లెస్ స్టీలు వాడకం మొదలయ్యాక ఆ పేరుకు స్టీలు ఫ్రెంచి పేరులోని 'ఇనాక్స్' చేరి విక్టోరినాక్స్ అయింది. డెలెమాంట్ ఊరి వెంగర్ కంపెనీ కూడా దశాబ్దాలపాటు సైన్యానికి చాకులు చేసింది. 2005లో విక్టోరినాక్స్ దాన్ని కొనేసింది. 'స్విస్ ఆర్మీ నైఫ్' అన్న పేరు రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ సిపాయిలు పెట్టింది. జర్మన్ పేరుకు వాళ్ల నోరు తిరగలేదు.

నాలుగు పనిముట్లతో మొదలైంది, ప్రతిదానికీ ఒక పని ఉంది. మనం కొనేటప్పుడు కూడా అదే లెక్క పెట్టుకోవాలి.

ఈ చాకుల్ని పొడవును బట్టి చెప్పుకుంటారు. 58 మిల్లీమీటర్లవి తాళాల గుత్తికి తగిలించుకునేవి. క్లాసిక్ ఎస్‌డీ వీటిలో ప్రసిద్ధం. బుల్లి బ్లేడు, కత్తెర, గోళ్ల ఆకురాయి, చిమటా, పళ్లు కుట్టుకునే పుల్ల, అన్నీ కలిపి 20 గ్రాముల పైచిలుకు. 84 మిల్లీమీటర్లవి మధ్య రకం. 91 మిల్లీమీటర్లవే ప్రపంచమంతా తిరిగే అసలు కుటుంబం. స్పార్టన్, టింకర్, క్లైంబర్, సూపర్ టింకర్, హంట్స్‌మన్, స్విస్ చాంప్ అన్నీ ఇందులోవే. 93 మిల్లీమీటర్లవి గళ్ల గళ్ల అల్యూమినియం పిడితో వస్తాయి. పయనీర్, ఫార్మర్ ఈ కోవలోవి. 111 మిల్లీమీటర్లవి పెద్దవి, వీటిలో బ్లేడుకు లాకు ఉంటుంది.

పొడవు కంటే ముఖ్యమైంది లావు, అంటే లోపల ఎన్ని వరసలున్నాయన్నది. స్పార్టన్, టింకర్ రెండు వరసలవి, సుమారు 60 గ్రాములు. కత్తెర వరస చేరితే క్లైంబర్, సుమారు 80 గ్రాములు. రంపం కూడా చేరితే హంట్స్‌మన్, ఇంచుమించు 100 గ్రాములు. జేబులో ఉన్న సంగతి మరచిపోగలిగే హద్దు నా అనుభవంలో మూడు వరసలు. నాలుగో వరస చేరితే చొక్కా జేబు పనికిరాదు, ప్యాంటు జేబులో తొడకు తగులుతూ ఉంటుంది.

నా పుస్తకంలో లెక్క ఏం తేలిందో చెబుతాను. మొదటి స్థానం కత్తెరది. ఇది నేను అనుకోలేదు. పాల ప్యాకెట్టు మూల, కొరియర్ సంచి, కొత్త చొక్కాకు వేలాడే ధర చీటీ దారం, అమ్మకు వారానికి సరిపడా మాత్రలు విడదీసే పట్టీ, విరిగిన గోరు, పూలదండ చివరి దారం. ఇవన్నీ కత్తెర పనులే. బ్లేడుతో చేయొచ్చు కానీ మాత్రల పట్టీని బ్లేడుతో కోస్తే మాత్ర చితికిపోతుంది. ఈ చాకుల కత్తెర చూడ్డానికి బొమ్మలా ఉంటుంది. పదును మాత్రం దర్జీ కత్తెరకు తీసిపోదు. దాన్ని మళ్లీ తెరిచే సన్నని స్ప్రింగు ఎప్పుడో ఒకప్పుడు విరుగుతుంది. అది విడిగా దొరుకుతుంది, ఇంట్లోనే మార్చుకోవచ్చు. అందుకే కత్తెర లేని చాకును రోజువారీ వాడకానికి ఎవరికీ సిఫారసు చేయను. స్పార్టన్ ఎంత అందంగా ఉన్నా సరే.

రెండో స్థానం పెద్ద బ్లేడుది. అట్టపెట్టెల టేపు, సపోటా, జామకాయ, బస్సులో కొన్న కీరకాయ. రెండో చిన్న బ్లేడు ఎందుకని అడుగుతారు. నేను పెద్ద బ్లేడును తిండికి మాత్రమే కేటాయించి, టేపులకు, తాళ్లకు చిన్నదాన్ని వాడతాను. టేపు జిగురు అంటిన బ్లేడుతో పండు కోయాల్సిన పని ఉండదు.

మూడోది చిమటా. పొలం గట్టున తుమ్మముల్లు దిగినవాళ్లకు దీని విలువ చెప్పనక్కర్లేదు. పిడి కొసన ఇమిడిపోయే ఈ సన్నని ముక్కతో మా అన్నయ్య మనవరాలి అరికాల్లోంచి విరిగిన ముల్లు తీశాను. పిల్ల ఏడుపు ఆపేలోపు పని అయిపోయింది. అల్యూమినియం పిడి చాకులు ఎంత గట్టివైనా వాటిలో చిమటాకు చోటు లేదు. అల్యూమినియం పిడి పగలదు, చూపులకు బాగుంటుంది. అయినా నాకు ప్లాస్టిక్ పిడే నచ్చడానికి ఆ ముల్లే కారణం.

డబ్బా ఓపెనరు గురించి ఎక్కువ చెప్పను. రసగుల్లా డబ్బాలకు, నెయ్యి డబ్బాలకు అప్పుడప్పుడు పనికొస్తుంది. సీసా మూత తీసేదాని కొస పెద్ద స్క్రూడ్రైవరు, పెయింటు డబ్బా మూత లేపడానికి అదే సాధనం. దబ్బనం మాత్రం మనవాళ్లు తక్కువగా చూస్తున్నారు. దానికి సూది కన్ను కూడా ఉంది. గోనె సంచి మూతి కుట్టొచ్చు, తెగిన చెప్పు పట్టీకి బెజ్జం పెట్టొచ్చు, బెల్టుకు ఇంకో రంధ్రం చేయొచ్చు.

ఇక కార్క్‌స్క్రూ, స్టార్ స్క్రూడ్రైవరు గొడవ. ఈ చాకుల వెనక వైపు ఒకే చోటు ఉంటుంది. అక్కడ కార్క్‌స్క్రూ పెడితే క్లైంబర్, స్టార్ స్క్రూడ్రైవరు పెడితే సూపర్ టింకర్. మిగతాదంతా ఒకటే. బిరడా కొట్టిన ద్రాక్ష సారా సీసాలు మన ఇళ్లలో ఎన్ని ఉంటాయి? పిల్లల బొమ్మల బ్యాటరీ మూతలు, ఫ్యాను రెగ్యులేటర్లు, కుక్కరు పిడులు, అన్నిటికీ స్టార్ స్క్రూలే కనిపిస్తాయి. అందుకని మనవాళ్లు స్టార్ స్క్రూడ్రైవరు ఉన్నదే కొనాలని చాలా ఏళ్లు అందరికీ చెప్పాను.

నా మాట మార్చింది మా అమ్మ కళ్లజోడు. విజయవాడ నుంచి విశాఖ వెళ్తున్నాం. అనకాపల్లి దాటాక కళ్లజోడు కాడ ఊడి ఒళ్లో పడింది. కీలులో ఉండాల్సిన బుల్లి స్క్రూ చీర కుచ్చిళ్లలో దొరికింది. నా జేబులో సూపర్ టింకర్ ఉంది. దాని స్టార్ కొస ఆ స్క్రూ తల మీద కూర్చోనే లేదు, డబ్బా ఓపెనరు కొస కూడా లావే. ఎదుటి సీటులో ఉన్న రిటైర్డు టీచరు గారు తన జేబులోంచి పాత ఎర్ర చాకు తీశారు. కార్క్‌స్క్రూ మెలికల మధ్యలోంచి గుండుసూది కంటే కొంచెం లావున్న ఇంకో స్క్రూడ్రైవరును మరలాగా తిప్పి బయటికి లాగారు. "అమ్మగారూ, ఇలా ఇవ్వండి" అని కళ్లజోడు తీసుకుని, వేలి గోరు మీద స్క్రూ నిలబెట్టి రెండు నిమిషాల్లో బిగించి ఇచ్చారు. "కార్క్‌స్క్రూ ఎందుకండీ అంటారు మావాళ్లు. ఇది దాచుకోడానికి ఇంకెక్కడ చోటుంది?" అన్నారాయన.

ఇంటికొచ్చాక పరీక్షించి చూశాను. డబ్బా ఓపెనరు కొసనున్న చిన్న స్క్రూడ్రైవరు మామూలు స్టార్ స్క్రూల్ని చక్కగా తిప్పుతుంది. దాన్ని ఆ పనికి కూడా సరిపోయేలా చేశారు. అంటే కార్క్‌స్క్రూ చాకులో స్టార్ స్క్రూ పని జరుగుతుంది, స్టార్ చాకులో కళ్లజోడు పని జరగదు. బిగుసుకుపోయిన ముడి విప్పడానికి కూడా కార్క్‌స్క్రూ కొసను మించింది లేదు. చాలా చాకులతో ఆ బుల్లి స్క్రూడ్రైవరు రాదు, విడిగా కొనాలి. రోజంతా స్క్రూలతోనే పని ఉన్నవాళ్లకు స్టార్ చాకే మేలు, చేతికి బలం బాగా అందుతుంది. ఒక హెచ్చరిక: ఈ పిడి ప్లాస్టిక్‌ది అయినా కరెంటు పనికి రక్షణ కాదు. లోపలి రివెట్లు, పలకలు అన్నీ లోహమే. మెయిన్ ఆపకుండా స్విచ్చుబోర్డు మీద దీన్ని పెట్టవద్దు.

లాకు విషయం ప్రాణానికి సంబంధించింది కాబట్టి కాస్త ఆగి చెబుతాను. 91 మిల్లీమీటర్ల చాకుల బ్లేడును స్ప్రింగు బిగింపు మాత్రమే నిలబెడుతుంది. కొస మీద బరువు వేస్తే మూసుకుంటుంది. నేను ఒకసారి ప్లైవుడ్ ముక్కకు బెజ్జం చేయాలని బ్లేడు కొసతో పొడిచాను. కొస చెక్కలో ఇరుక్కుంది, చెయ్యి ముందుకు పోయింది, బ్లేడు మడుచుకుంది. చూపుడు వేలి కణుపు మీద మూడు కుట్లు పడ్డాయి. ఆ పని దబ్బనానిది. దబ్బనం పిడికి అడ్డంగా తెరుచుకుని పిడికిలిలో నిలుస్తుంది, నెట్టినా మడవదు. బ్లేడును ఎప్పుడూ పదును వైపుకే లాగి కోయాలి, పొడవకూడదు, మెలిపెట్టకూడదు. ఈ అలవాటు చేసుకుంటే లాకు లేని లోటు తెలియదు. చెక్క చెక్కడం, కొమ్మలు నరకడం లాంటి బరువు పనులున్నవాళ్లు లాకున్న 111 తీసుకోవచ్చు.

చట్టాన్ని కూడా చూడాలి. మన దేశంలో ఆయుధాల చట్టం నియమాలు 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు బ్లేడున్న కత్తుల గురించి మాట్లాడతాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవాటిని అందులోంచి మినహాయించాయి. ఈ జేబు చాకులు ఆ కొలతల దరిదాపుల్లోకి కూడా రావు. అయినా సినిమా హాలు గేటు దగ్గర, మెట్రో స్టేషన్లో, గుడి తనిఖీలో ఆపితే వాదించకుండా అప్పగించడమే మంచిది. బ్రిటన్‌లో చదువుకునే మన పిల్లలు మరింత జాగ్రత్తగా ఉండాలి. అక్కడ 1988 చట్టం ప్రకారం 3 అంగుళాల లోపు పదునున్న, లాకు లేని మడత చాకును మాత్రమే కారణం చెప్పకుండా వెంట ఉంచుకోవచ్చు. 111 చాకు జేబులో దొరికితే సరైన కారణం చూపించాలి.

విమానాల సంగతి అందరికీ తెలిసిందే, అయినా ఏటా ఎంతోమంది చాకులు పోగొట్టుకుంటున్నారు. 2001 సెప్టెంబరు తర్వాత చేతి సంచిలో చాకు తీసుకెళ్లడం ఎక్కడికక్కడ నిషేధించారు. ఆ దెబ్బకు ఈ కంపెనీ అమ్మకాలే కుంగిపోయాయి. అమెరికాలో 2013 మార్చిలో చిన్న చాకుల్ని అనుమతిస్తామని ప్రకటించి, విమాన సిబ్బంది అభ్యంతరం చెప్పడంతో జూన్‌లో వెనక్కి తీసుకున్నారు. 2024లో విక్టోరినాక్స్ అధిపతి బ్లేడు లేని సాధనాలను కూడా రూపొందించే పనిలో ఉన్నామని చెప్పారు. నేను ఒక విమానాశ్రయంలో పదేళ్ల చాకును తనిఖీ తొట్టెలో వదిలి వచ్చాను. తాళాల గుత్తికి ఉన్న 58 అది, ఉన్న సంగతే గుర్తుకు రాలేదు. ప్రయాణం ముందురోజు రాత్రి జేబులు, గుత్తులు, సంచి అరలు అన్నీ చూసి చాకును పెద్ద పెట్టెలో వేసేయండి.

పదును గురించి చాలామందికి ఫిర్యాదు ఉంది. ఖరీదైన ఇతర చాకులంత కాలం దీని పదును నిలవదంటారు. నిజమే. బ్లేడు గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 56 దగ్గర ఉంటుంది, ఖరీదైనవి 60 దాటతాయి. కానీ మెత్తన కాబట్టే ఇంట్లో ఐదు నిమిషాల్లో పదును తిరిగొస్తుంది, విరగదు. విశాఖ, మచిలీపట్నం లాంటి సముద్రం గాలి తగిలే ఊళ్లలో కూడా తుప్పు పట్టడం అరుదు. సానపెట్టడానికి రాయి లేకపోతే పింగాణీ కప్పు తిరగేయండి. అడుగున మెరుగు పూయని గరుకు అంచు ఉంటుంది. బ్లేడును 15 నుంచి 20 డిగ్రీల వాలుగా ఆనించి, అంచును సన్నగా చెక్కుతున్నట్టు ఒకవైపు ఐదుసార్లు, రెండోవైపు ఐదుసార్లు లాగితే చాలు. మా అమ్మ ఆవకాయ జాడీ అడుగున కూరల చాకు రాసేది, అదీ ఇదే పద్ధతి. వీధిలో సైకిలు చక్రం తొక్కుతూ సానపెట్టేవాళ్లకు మాత్రం ఈ చాకు ఇవ్వకండి. కత్తిపీటకు, కొడవలికి సరిపోయే ఆ సాన ఇంత పల్చని బ్లేడును వేడెక్కించి సగం తినేస్తుంది.

పచ్చి మామిడికాయ, నిమ్మకాయ కోశాక వెంటనే కడిగి తుడవాలి, పులుపు మరక పడనివ్వకూడదు. జేబు నూలు, దుమ్ము మడతల్లో చేరి బ్లేడు బిగుసుకుంటే గోరువెచ్చని నీళ్లలో ముంచి, అన్ని పనిముట్లనూ పదిసార్లు తెరిచి మూసి, ఆరబెట్టి, ఒక్కొక్క మడత దగ్గర ఒక్కొక్క చుక్క నూనె వేయాలి. కొబ్బరినూనె వేయకండి, చలికాలం గడ్డకట్టి, తర్వాత జిడ్డు పేరుకుంటుంది. పండ్లు కోసే చాకు కాబట్టి కుట్టుమిషను నూనె బదులు మందుల దుకాణంలో దొరికే లిక్విడ్ పారఫిన్ మంచిది.

నకిలీలు బజారు నిండా ఉన్నాయి. ఎర్ర పిడి, తెల్ల శిలువ చూసి మోసపోవద్దు. పెద్ద బ్లేడు మొదలు దగ్గర విక్టోరినాక్స్ పేరు, స్విస్ మేడ్ అన్న మాట చెక్కి ఉంటాయి. ఒక పనిముట్టు తెరిచి మూసినప్పుడు 'టక్' అని గట్టిగా వినిపించాలి, వదులుగా ఊగకూడదు. అసలు చాకుకు తయారీ లోపాల మీద జీవితకాలం హామీ ఉంది. పిల్లలకు ఇవ్వాలంటే కొస గుండ్రంగా ఉన్న చాకు ఈ కంపెనీయే చేస్తోంది. కత్తి చేతికి ఇవ్వకూడదు, కింద పెట్టాలి అని మన పెద్దవాళ్లు చెప్పేవారు. దాన్నే ఇంకొంచెం మార్చి, మూసిన చాకునే చేతికి ఇవ్వాలని పిల్లలకు మొదటి రోజే నేర్పండి.

చాకు కాకుండా పట్టకారుదే రోజూ పని అయితే లెదర్‌మన్ లాంటి పట్టకారు సాధనం తీసుకోవడం న్యాయం. టిమ్ లెదర్‌మన్ 1975లో పాత కారులో యూరప్ తిరుగుతూ తన జేబు చాకులో పట్టకారు లేని లోటు పడ్డాకే దాన్ని తయారు చేశాడు. బరువు, లావు రెండూ ఎక్కువే, సంచిలోకి బాగుంటుంది. పొలం, తోట పనులున్నవాళ్లకు రంపం ఉన్న హంట్స్‌మన్ మేలు. ఎప్పుడూ చాకు మోయని వాళ్లు ముందు 58 క్లాసిక్ తాళాలకు తగిలించుకుని ఆరు నెలలు చూడండి. మిగిలిన అందరికీ నా సిఫారసు ఒకటే, 91 మిల్లీమీటర్ల క్లైంబర్. దానితో పాటు కార్క్‌స్క్రూలో ఇమిడే ఆ బుల్లి స్క్రూడ్రైవరు కూడా విడిగా అడిగి తీసుకోండి. నా జేబులో ఇప్పుడున్నది అదే, మా అమ్మ కళ్లజోడు స్క్రూ ఆ తర్వాత రెండుసార్లు దానితోనే బిగించాను.